ముప్పై రెండేళ్ల ముసలాయన

జాలారిపేటలో వలలు బాగుచేసే ఎల్లారావుకి ఇరవై దాటగానే జుట్టు నెరిసింది, గొంతు కీచుగా మారింది. పాతికకి కళ్లలో శుక్లాలు, ముప్పైకి షుగరు, కాళ్లమీద మానని పుళ్లు. పేటవాళ్లు తాతా అని వెనకాల నవ్వేవారు. దయగలవాళ్లు ఎదురుగానే నవ్వేవారు.

రెండువేల సంవత్సరంలో ఒక ఆసుపత్రి డాక్టర్లు అతన్ని పట్టుకుని వదల్లేదు. ఫోటోలు తీశారు, చదువుకునేవాళ్లకి చూపించారు, రక్తం ఎక్కడికో పంపారు. మందు మాత్రం ఇవ్వలేదు, లేదు గనక. దేవకుమార్ అనే కుర్ర డాక్టరు ఒక్కడు కూర్చోబెట్టి విషయం చెప్పాడు. ఒంట్లో ప్రతి కణంలోనూ రెండు పోగులు పెనవేసుకున్న దారం ఉంటుందట. దానికి నకలు తియ్యాలన్నా, తెగినచోట అతకాలన్నా ముందు పురి విప్పాలి. విప్పే పనివాడి పేరు హెలికేస్. అతన్ని తయారుచేసే డబ్ల్యూఆర్ఎన్ జన్యువు ఎల్లారావులో రెండు ప్రతులూ పాడు. అందుకే ముసలితనం తొందరపడింది, క్యాన్సర్ భయం కూడా ఉంది. ఒక పాడు ప్రతి తల్లిది, ఒకటి తండ్రిది. వాళ్లిద్దరిలోనూ రెండో ప్రతి బాగుంది కాబట్టి వాళ్లకేం కాలేదు. మేనరికాల్లో రెండు పాడు ప్రతులు కలిసే అవకాశం ఎక్కువ.

ఎల్లారావుకి ఒక్కసారికే అర్థమైంది, భయమూ పట్టుకుంది. చెల్లెలు దుర్గని మేనమామ సింహాద్రి కొడుకు కోటికిచ్చేందుకు ముహూర్తం పెట్టేశారు. వద్దని ఇంట్లో ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. డాక్టరే వచ్చి చెబితే టీ ఇచ్చి పంపేశారు.

ఎల్లారావు చేపల వేలం షెడ్డులో కులపెద్దల దగ్గరికి వెళ్లాడు. ఆ నెరిసిన తల చూసి వాళ్లు ఎప్పుడో బెంచీమీద చోటివ్వడం మొదలుపెట్టారు. అతను జన్యువు ఊసెత్తలేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఈ సంబంధం వొద్దు. నా మాటిని సెడిపోయినోడు లేడు."

అంతవరకూ అతని మాట విన్నవాడే లేడు కాబట్టి అది అబద్ధం కాదు. పెద్దలు తలలూపారు. అరవయ్యేళ్ల సింహాద్రి సొంత మేనల్లుడి ముందు చేతులు కట్టుకున్నాడు.

"పెద్దోడివి సెప్తన్నావ్. అలాగే కానీ."

పెళ్లి ఆగిపోయిందని ఎల్లారావు ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. ఈసారి తల్లి తవిటమ్మ కారణం అడిగింది, చెప్పిందంతా విన్నది. చేపలు తోముతున్న చెయ్యి ఆగింది.

"నానూ మీ నాన్నా మేనరికమే గదరా. అయితే నిన్నిలాగ సేసింది మేమేనా?"

పెద్దలందర్నీ ఒప్పించినవాడు ఆమె చేతిలోని చేప తీసుకుని తోమసాగాడు. "కాదమ్మా, డాక్టర్లకేటి తెల్సు," అన్నాడు.

తవిటమ్మ ఏడుస్తూ కూర్చుంది. పేట మొత్తంలో అతని తర్వాత డాక్టరు మాట నమ్మింది ఆవిడ ఒక్కతే.