గట్టు మీది సీతాఫలం వరుస

నా భార్య ఆగస్టు చివర్లో ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చనిపోయింది. గుండె అన్నారు. ముద్దనూరు దాటి మా పల్లెకు తీసుకొచ్చేసరికి మధ్యాహ్నమైంది. సమాధుల దగ్గర మట్టి వేసి తిరిగి వస్తుంటే దారిలో మా పొలం గట్టు కనబడింది. దాని పొడుగునా సీతాఫలం చెట్లు. కాయలు అప్పటికింకా చిన్నవి. ఆ చెట్లు ఆమె నాటినవి.

ఆమె గురించి నాలుగు మాటలు రాసివ్వమని చర్చి సంఘం వాళ్లు అడిగారు. మంచి మాటలు రాయాలనే కూర్చున్నాను. ఆమె గురించి మంచి రాయాలంటే నా గురించి చెడ్డ రాయక తప్పదని కాగితం ముందు పెట్టుకున్నాకే తెలిసింది.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పాను. ఆమె చదివింది ఐదో తరగతి. పెళ్లయిన కొత్తలోనే నన్ను 'సారూ' అనడం మొదలుపెట్టింది. మర్యాదకు కాదు, ఎగతాళికి. చివరిదాకా అదే పిలుపు.

మా పొలం పక్కన మరొక కుటుంబం పొలం. ఆ ఇంటామెను నా భార్య 'అక్కా' అనేది. మధ్యలో గట్టు. వానలకు అది కరిగిపోయేది, సరిచేసినప్పుడల్లా ఎటో ఒకవైపు జరిగేది. మగవాళ్లం మాట పెంచుకునేవాళ్లం. ఒక ఏడు ఆడవాళ్లిద్దరూ మమ్మల్ని అడగకుండానే గట్టు మీద సీతాఫలం నాటేశారు.

"మేకలు నోరు పెట్టవు. నీళ్లడగదు. గట్టు యాడికీ పోదు. ఇంక మీరిద్దరూ దేనికి కొట్లాడుకుంటారో చూస్తాం" అంది నా భార్య.

గింజలు తక్కువగా, గుజ్జు ఎక్కువగా ఉన్న పండ్లనుంచే ఆమె విత్తనం ఏరేది. గింజను బండ మీద కాస్త రుద్ది, నీళ్లలో నానబెట్టి, పాత డబ్బాల్లో వేసేది. మొలక రావడానికి నెల పట్టేది. నాకు ఓపిక ఉండేది కాదు. "పైకి రాకముందు కిందికి పోతాండాది సారూ, వేరు పోనీ" అనేది. చెట్లు పెద్దవయ్యాక ఆకు రాలిన ఎండాకాలంలో కొమ్మల చివర్లు కత్తిరించేది. కొత్త చిగురుకే పూత అని నాకు పుస్తకంలో తెలుసు, ఆమెకు చేతిలో తెలుసు.

నేను ఆమెకు నేర్పింది ఒక్కటే. ఆ పువ్వు మొదట ఆడదిగా ఉంటుంది, పుప్పొడి రాల్చేది తర్వాత, అందుకే చాలా పూలు కాయ కట్టవు అని ఒకసారి చెప్పాను. మర్నాడు పొద్దున్నే కోడి ఈక పట్టుకుని పోయింది. బాగా విచ్చిన పూలలో పుప్పొడి తీసి, సగం విచ్చిన పూలలో అద్దింది. ఆ ఏడు కాయలు వంకర లేకుండా గుండ్రంగా వచ్చాయి. "చదువుకున్నోన్ని కట్టుకున్నందుకు ఇదొక్కటి దక్కింది" అని అక్కకు చెప్పి నవ్వింది.

కోసే కాయను గుర్తుపట్టడం మాత్రం ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పినా నేను చేతితో నేర్చుకోలేదు. "సైజు చూసి మోసపోవద్దు సారూ. కాయ మీది కండ్ల మధ్య సందు చూడు. అది వెడల్పయి, మీగడ రంగు తేలితేనే కోయి. ముందే కోస్తే వరిగడ్డిలో నెల పెట్టినా మాగదు. నల్లగా రాయైతాది."

ఇక చాలా ఏళ్ల కిందటి ఆ ఎండాకాలం గురించి రాయాలి.

ఎన్నికలయ్యాయి. మా పల్లెలో ఏ ఇల్లు ఏ పార్టీదో గోడలకు కూడా తెలిసిన రోజులు. అక్క భర్త కత్తి పట్టిన మనిషి కాదు. ఓడిన పార్టీకి పోలింగు ఏజెంటుగా కూర్చున్నాడు, అంతే. ఆ రోజుల్లో పగ ఉంటే మనిషికంటే ముందు అతని తోటను నరికేవాళ్లు. గట్టుకు అటూ ఇటూ వాళ్లకూ మాకూ చీనీ, అంటే బత్తాయి, తోటలుండేవి. ఒకే ఏడు నాటినవి, అప్పుడే కాపుకొచ్చినవి.

ఆ రోజు వాళ్లింటిల్లిపాదీ జమ్మలమడుగు కోర్టులో వాయిదాకు పోయారు. అక్కకు తోడుగా నా భార్యా పోయింది. నేను పొలంలో మోటారు దగ్గర ఉన్నాను. మిట్టమధ్యాహ్నం జీపు ఆగింది. దిగినవాళ్లు గెలిచిన పార్టీవాళ్లు, చేతుల్లో గొడ్డళ్లు. ముందున్నవాడు నా దగ్గర చదువుకున్నవాడే.

"బాగుండావా సార్?"

"బాగుండా. ఏందప్పా, ఇట్లొచ్చినారు?"

"చీనీ చెట్లు చూసిపోదామని. రెండు తోటలూ ఒకే మాదిరుండాయే. మీవి యాడిదాకా? మీ చెట్టుకు దెబ్బ తగిలితే మాకు పాపం గదా సార్."

నేను చెయ్యెత్తి చూపించాను. "సీతాఫలం వరస. వాళ్లవి దానికి అవతల."

"నువ్వు ఇంటికి పో సార్. ఎండ శానా ఉంది" అన్నాడు. నేను పోయాను. ఎవరికీ కబురు చెప్పలేదు. తలుపేసుకుని పడుకున్నాను. గొడ్డలి చప్పుడు మా ఇంటిదాకా రాదు. అయినా విన్నాను.

సాయంత్రం నా భార్య అక్కను పట్టుకుని ఏడ్చి ఇంటికి వచ్చింది.

"వరస దాటి ఒక్క చెట్టు మీద గూడా దెబ్బ పడలా సారూ. గీత గీసినట్ల నరికినారు. వాళ్లకెట్ల తెలిసింది?"

"నాకేం తెలుసు? నేను పొద్దుననుంచి ఇంట్లోనే ఉండా."

గుమ్మం దగ్గర నా చెప్పులున్నాయి. మోటారు దగ్గరి బురద వాటికింకా ఆరలేదు. ఆమె వాటివైపు చూసింది. బియ్యం కడగడానికి లోపలికి పోయింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ మొదటి గంప పండ్లు ఆమె అక్క ఇంటికి మోసుకుపోయేది. బయలుదేరే ముందు వాకిట్లో ఆగి ఒకే మాట అడిగేది. "నువ్వు గూడా వస్తావా సారూ?"

"సీతాఫలాలు మోసేకి ఇద్దరెందుకు?" అనేవాన్ని. ప్రతి ఏడూ ఇదే. నన్ను నమ్మిందనే అనుకున్నాను. ప్రతి ఆదివారం ఆమె పక్కన మోకరించి, అన్ని పాపాలూ ఒప్పుకుని, ఆ ఒక్కటి తప్పించి లేచాను.

ఆమె జ్ఞాపకార్థం మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక నాడు అందరూ పోయాక అక్క నా దగ్గర కూర్చుంది.

"మా చెల్లి మరుసటి రోజు పొద్దున్నే వచ్చి చెప్పింది సారూ. 'అక్కా, చూపించింది మా ఆయనే. మనం నాటిన వరసనే చూపించినాడు. బయపడినాడు, చెడ్డోడు గాదు' అని. మావోళ్లకు తెలిసింటే నీ తల ఉండేది గాదు. మా ఆయనకు ఈ పొద్దుకూ తెలీదు. నీ నోటితో నువ్వే చెప్తావని చూసింది పాపం. నన్ను గూడా చూడమనింది."

నేను ఆమె ముఖం చూడలేకపోయాను.

ఈ మధ్య పండ్లు కోతకొచ్చాయి. గంప తీసుకుని నేనే పోయాను. కండ్ల మధ్య సందు చూసే కోశాననుకున్నాను. వాళ్లింట్లో అక్క భర్త మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముసలివాడయ్యాడు. ఒక కాయ తీసి నొక్కాడు.

"ఎవరు కోసినారు సారూ ఇవి?"

"నేనే అన్నా."

"తెలుస్తాంది. సగం పచ్చివే. ఆయమ్మ ఎప్పుడూ ఇట్లాటియి తేలేదు."

నిలబడే చెప్పాను. "అన్నా, ఆ పొద్దు మీ చీనీ తోటకు హద్దు చూపించింది నేను. నా చెట్లు నిలబడాలని చూపించినా."

అతను చేతిలోని కాయను గంపలో పెట్టాడు. అక్క వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. నా వైపు తిరిగాడు.

"ఇది చెప్పేకి ఆయమ్మ పోవాల్నా సారూ?"

కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే బాగుండేది. అక్క పండినవి ఏరి చాటలో పెట్టుకుంది. పచ్చివి గంపలోనే ఉంచి నా వైపు జరిపింది.

పదకొండు కాయలు. ఇంటికి తెచ్చి, ఆమె పండ్లు మాగబెట్టే మూలలో వరిగడ్డి పరిచి పెట్టాను. మాగవని తెలుసు. రోజూ ఉదయం గడ్డి తీసి ఒక్కొక్కటి నొక్కి చూస్తున్నాను. నల్లబడ్డాయి. బొటనవేలు దిగడం లేదు. మళ్లీ గడ్డి కప్పుతున్నాను.