లువార్ ఒడ్డున మావయ్య ఎనిమిది రోజులు

మా మావయ్య పోయాడని ఉత్తరం అందేసరికి ఆయన పోయి మూడు రోజులైంది. యానాం నుంచి రాజమండ్రికి కాలవ పడవ మీద వచ్చిన ఉత్తరం. పక్కింటాయన రాశాడు. "మీ మేనమామగారు శుక్రవారం తెల్లవారుజామున పోయారండి. పెద్దగా బాధపడలేదండి. మీ అమ్మగారు దగ్గరే ఉన్నారండి." అంతే ఉంది. చదివి, మడిచి, అన్నం వార్చి, మళ్ళీ విప్పి చదివాను. ఏడుపు రాలేదు. ఎంతో దూరం నడిచొచ్చినట్టు ఒళ్ళంతా బరువెక్కింది. మూడో వాక్యం దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. అమ్మ దగ్గరే ఉందన్న ఆ మాట వెనక పదేళ్ళ కథ ఉంది.

మావయ్య పేరున్న మనిషి కాదు. యానాంలో ఫ్రెంచివాళ్ళ కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తా. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ద్రాక్షారామం దగ్గర మా తాతగారి పొలాలున్నా వ్యవసాయం ఆయనకు అబ్బలేదు. దస్తూరీ బాగుండేది, ఫ్రెంచి బాగా వచ్చేది. ఆ కోర్టు జడ్జి దొరకు చూపు పోవడం మొదలైనప్పుడు కాగితాలన్నీ మావయ్యే చదివి వినిపించేవాడు. చూపు పూర్తిగా పోయాక దొర ఉద్యోగం మానుకుని స్వదేశం వెళ్ళిపోతూ, "ఒక్క ఏడాది నాతో ఉండు, పంపించేస్తాను" అని మావయ్యను వెంటబెట్టుకు వెళ్ళాడు. సముద్రం దాటి వెళుతున్నాడని ఊళ్ళో తలో మాటా అన్నారు. మా అమ్మమ్మ మాత్రం, "ఏడాదే కదా, వెళ్ళిరానీండి" అందట.

ఫ్రాన్సులో లువార్ అనే నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు ఆ దొర. చనిపోయేలోగా ఆ నది వెంబడి ఊరూరూ దిగుతూ తన ఊరు చేరాలని ఆయన కోరిక. రైల్లో వెళదామంటే ఒప్పుకోలేదు. రైల్లో గుడ్డివాడికి చప్పుడు తప్ప ఏమీ మిగలదన్నాడు. ముందొకరూ వెనకొకరూ కూర్చుని తొక్కే సైకిలు తెప్పించాడు. ముందు మావయ్య, వెనక దొర. మావయ్య దారి చూసుకుంటూ, కనిపించినదల్లా పైకి చెబుతూ తొక్కాలి.

"మొదటి రోజు ఏం చెప్పాలో నాకు తెలీలేదే అమ్మాయ్," అనేవాడు మావయ్య. "ఊరొచ్చిందండీ అన్నాను. ఊరని కుక్కల అరుపుల్ని బట్టి నాకూ తెలుసు, చూసి చెప్పు అన్నాడు."

అప్పటినుంచి చూసి చెప్పడం నేర్చుకున్నాడు. ఆ నది వేసవిలో మన గోదావరిలాగే ఇసుక తిన్నెలు పెట్టుకుని నీరసంగా పారుతుందట. ఒక చోట కొండ చరియల్లో గదులు తొలుచుకుని జనం కాపురాలు చేస్తున్నారు. వాళ్ళ వంటిళ్ళ పొగగొట్టాలు కొండ మీది ద్రాక్షతోటల్లోకి పొడుచుకొచ్చాయి. తీగల మధ్యనుంచి పొగ వస్తోందని మావయ్య చెబితే దొర సైకిలు ఆపించి, ఆ పొగ వాసన చూశాడట. "సాయంత్రానికి కాళ్ళకంటే నోరే ఎక్కువ అలిసిపోయేది," అనేవాడు. "చూసింది చూసినట్టు చెప్పడం బరువు మొయ్యడంకంటే కష్టమే."

ముందే ఇంటికి చిరునామా రాసిన తూర్ అనే పట్నంలో పోస్టాఫీసుకు వెళితే మావయ్య కోసం ఉత్తరం ఉంది. మా అమ్మ రాయించింది. అమ్మమ్మ మంచాన పడింది, నిన్నే తలుస్తోంది, వెంటనే బయల్దేరమని. దొర ఊరు ఇంకా ఎనిమిది రోజుల దారి.

అప్పుడు ఏం జరిగిందో మావయ్య నాకు ఒక్కసారే చెప్పాడు.

"ఉత్తరంలో ఏముందని అడిగాడు. చెప్పాను. సాయంత్రం రైలుంది, వెళ్ళిపో అన్నాడు. నువ్వు వెళితే నేనిక్కడినుంచే వెనక్కి పోతానన్నాడు. వెళ్ళొద్దని అనలేదే. అనుంటే వెళ్ళిపోయేవాణ్ణి."

వెళ్ళలేదు. ఎనిమిది రోజులు తొక్కి, దొరను ఊరు చేర్చి, ఆ తర్వాతే రైలెక్కి, ఓడెక్కాడు. ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ పోయి ఆరు రోజులైంది.

గుమ్మంలో మా అమ్మ అడ్డంగా నిలబడింది. నాకప్పుడు పన్నెండేళ్ళు, పక్కనే ఉన్నాను. "ఎప్పుడందింది ఉత్తరం?" అని అడిగింది. మావయ్య అబద్ధం చెప్పుండొచ్చు. దారిలో ఆలస్యమైందంటే నమ్మేదే. ఆయన తారీఖు చెప్పాడు, ఎనిమిది రోజుల సంగతీ చెప్పాడు. అమ్మ వేళ్ళు మడిచి చూసుకుంది. "రెండు రోజులు చూసుండేది నిన్ను. చివరిదాకా గుమ్మంకేసే చూసింది," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు తమ్ముడితో మాట్లాడలేదు.

ఓడలు పదిహేను రోజులకోటి బయల్దేరేవట. ముందు వచ్చినా రేవులో పడిగాపులు పడేవాడేమో. ఈ సంగతి నాకు వేరెవరో చెప్పారు. మావయ్య ఎన్నడూ ఎత్తలేదు.

ఆయన కోర్టు పనిలోనే మళ్ళీ చేరాడు. సముద్రం దాటినవాడికి పిల్లనెవరూ ఇవ్వలేదు. పాత సైకిలొకటి సంపాదించి ప్రతి ఆదివారం యానాం నుంచి మా ఊరికి వచ్చేవాడు. కాలవ గట్టు మీద పదిహేను మైళ్ళు. వానాకాలం ఆ గట్టంతా జిగట బురద. చక్రాలు తిరగకపోతే సైకిలు భుజాన వేసుకునేవాడు. వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. నేను మజ్జిగ ఇచ్చేదాన్ని. అమ్మ లోపలినుంచి, "మజ్జిగలో ఉప్పేశావా?" అని నన్నే అడిగేది. ఆయన నాకేదో ఒక ఊరి కబురు చెప్పి, ఎండ తగ్గగానే వెళ్ళిపోయేవాడు. నాకు ఫ్రెంచి అక్షరాలు నేర్పింది ఆ అరుగు మీదే. ఒకసారి విసుగొచ్చి, "ఎందుకు మావయ్యా, అమ్మ ఎలాగూ పలకరించదు కదా?" అన్నాను. "పలకరించకపోతే ఏం, వినపడుతుందిగా," అన్నాడు.

నాకు పెళ్ళై రాజమండ్రి వచ్చాక కూడా ఆయన రాక మానలేదని నాన్న చెబుతుండేవాడు. పోయినేడు నేను పుట్టింట్లో ఉండగా రెండు ఆదివారాలు వరసగా రాలేదు. మూడో ఆదివారం పొద్దున్న అమ్మ వీధిలోకి నాలుగుసార్లు తిరిగింది. చివరికి, "బండి కట్టించు," అంది నాన్నతో. ఎక్కడికని ఎవరం అడగలేదు.

యానాంలో మావయ్య మంచం మీద ఉన్నాడు. కాళ్ళు రెండూ వాచిపోయాయి. లేవబోతే అమ్మ భుజం పట్టి పడుకోబెట్టింది. చాపేసుకుని కింద కూర్చుంది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"ఆ ఎనిమిది రోజులూ ఏం చేశావురా?"

మావయ్య ఒక్కో రోజూ చెప్పుకుంటూ వచ్చాడు. కోటలు, రాతి వంతెనలు, సంత రోజున ఒక ఊళ్ళో దారి దొరక్క సైకిలు నడిపించుకుంటూ పోవడం, రాత్రుళ్ళు నిద్రపట్టక అమ్మమ్మను తలుచుకోవడం. అమ్మ మధ్యలో ఆపలేదు. దొర ఊరు వచ్చాక మాత్రం అడిగింది.

"ఆయన పుట్టిన ఇల్లుందా?"

"లేదక్కా. కూలగొట్టేసి గిడ్డంగి కట్టారు."

"చెప్పావా?"

"నోరు రాలేదు. ఇల్లు అలాగే ఉందండి, కిటికీలకు నీలం రంగేశారు అన్నాను."

"ఏమన్నాడు?"

"మావి ఎప్పుడూ ఆకుపచ్చవే అన్నాడు. కాసేపాగి, పోన్లే, కొత్తగా వేయించుంటారు అన్నాడు."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయనకు తెలిసిపోయిందిరా," అంది మెల్లగా. మావయ్య తలూపాడు.

"తర్వాత?"

"తర్వాత గోడ పక్కన కూర్చున్నాం అక్కా. ఎదురుగా నది. అది చెప్పమన్నాడు."

చెప్పడం మొదలుపెట్టాడు. పదిహేను మైళ్ళు బండిలో కుదుపులు తిన్న అమ్మ, చెయ్యి తలకింద పెట్టుకుని చాప మీద ఒరిగింది. కాసేపటికి ఊపిరి బరువైంది. "మావయ్యా, అమ్మకు నిద్రపట్టేసింది," అన్నాను.

"పట్టనీ," అన్నాడు. గొంతు తగ్గించాడు కానీ ఆపలేదు. నది అక్కడ ఎంత వెడల్పుందో, అవతలి ఒడ్డున చాకళ్ళు తెల్లబట్టలు ఎలా పరిచారో, ఒక పడవవాడు తెరచాప దించి ఇసుకలో ఎలా నడుం వాల్చాడో, కళ్ళు మూసుకున్న అక్కకు వరసగా చెబుతూనే ఉన్నాడు.