మరకల పాఠం

రక్తపు మరకలున్న బట్టలను ఎట్లా ఆరబెట్టి, కట్టి, పరీక్షకు పంపాలో పోలీసులకు, డాక్టర్లకు నేర్పడానికి మా ప్రయోగశాల పెద్దసారు, ఆయన సహాయకుడిగా నేను హైదరాబాదు నుంచి ఆదిలాబాద్ పోయాం. నేర్చుకుందామని వచ్చినవాడు ఒక్కడూ కనబడలేదు. బదిలీ కావలసినవాడు దండ తెచ్చాడు. ప్రమోషన్ కావలసినవాడు కోడికూర వండించాడు. పాఠం నడుస్తుంటే, ఫొటోలో పెద్దసారు పక్కన ఎవరు కూర్చోవాలని గుసగుసలు! ఛీ, పెళ్లివిందే నయం.

మధ్యాహ్నం, బోథ్ దగ్గర హత్యకు గురైన ఒక పత్తిరైతు తలరుమాలు విప్పి చూపించారు. దాన్ని మేమే పరీక్షకు తీసుకుపోవాలి. ఎవరూ ముట్టొద్దని పెద్దసారు చెబుతూనే ఉన్నాడు. భోజనాలయ్యాక అందరూ పాన్ నములుతూ, దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారు.

తిరిగి నా చేతికొచ్చేసరికి, ఎండిన నెత్తురు పక్కన పాన్ ఉమ్మి తడితడిగా మెరుస్తోంది. ఇదెవరి పనని అరిచాను.

"గింతదానికి పరేషాన్ ఎందుకు సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "గది గూడ ఎర్రగనే ఉన్నది గదా!"

గదంతా నవ్వింది. నేను పెద్దసారు వైపు చూశాను. ఆయనా నవ్వుతున్నాడు, నోట్లోని పాన్‌ను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు తోసుకుంటూ.