కమ్మీ అవతలి ఎర్రదీపం

రోజూ రేపల్లెలో ప్యాసింజరు బండెక్కి తెనాలి వెళ్ళడం, సెల్‌ఫోన్ల దుకాణంలో పొద్దుగూకేదాకా నిలబడి, లాగే కాళ్ళతో ఇల్లు చేరడం. రిబ్కా బతుకు ఇదే. అందులోంచి బయటపడే దారి ఈ మధ్యే ఒకటి కనిపించింది. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని టీవీలో చూసిన అంతరిక్షం సినిమాల గురించి ఆమె యూట్యూబులో కబుర్లు చెబుతుంది. అవి విని హైదరాబాదులోని ఒక వీడియో ఆటల కంపెనీ, ఇంకా విడుదల కాని ఆటను ఆమెకూ, ఇంకొందరికీ పంపింది. యుద్ధంలో లోకమంతా బూడిదయ్యాక ఒంటరి మనిషి శిథిలాల్లో తిరిగే ఆట అది. అందులో అక్కడక్కడా పాత సినిమాల గుర్తులు దాచిపెట్టారు. అందరికన్నా ముందు అన్నీ వెతికి వీడియో చేసి పంపినవాళ్ళకి ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం గడువు.

వంటింటి గట్టు కింద మరమనిషి చెయ్యి దొరికింది. ఎండిన చెరువులో, మనుషుల్ని నిద్రపుచ్చే గాజుపెట్టె దొరికింది. గుండెలో ఎర్రదీపం వెలిగే బుల్లి మరమనిషి ఒక్కటే దొరకలేదు. అదేమో నాన్నకి ఇష్టమైన సినిమాలోది. బావులు, బడి, పోలీసు స్టేషను, కూలిన చర్చి, అన్నీ తిరిగింది. ఆమె మాటలు రికార్డు చేసుకుంటుంటే కింది వాటా మంగాయమ్మ మిక్సీ ఆపేసి, పచ్చడి రోట్లో నూరుకునేది. ఆ మేలు తలుచుకుంటే రిబ్కాకి ఇంకా ఉక్రోషం వచ్చేది. కింది వాటావాళ్ళు కూడా ఇంత సాయపడుతుంటే తనకెందుకు దొరకదు?

శనివారం పొద్దున్నే రేపల్లెలో కరెంటు పోయింది. విసుక్కుంటూ ల్యాప్‌టాప్ చంకనపెట్టి బాపట్ల బస్సెక్కింది. అక్కడ భార్గవ్ ఉన్నాడు, కాలేజీలో ఆమె జూనియరు. వాళ్ళమ్మ జయలక్ష్మి ఏమీ అడక్కుండా పెసరట్టు తెచ్చి పక్కన పెట్టింది.

"చర్చి చూశావా అక్కా?"

"పది మాట్లు చూశాను. బెంచీల కింద కూడా వెతికాను."

"ముందువైపు అడ్డంగా ఉన్న ఆ కమ్మీ అవతల?"

"బలిపీఠం, ఆ ఆల్టరు దగ్గరికా? అక్కడికెలా వెళ్తాంరా? ఆరాధన జరిపించే అయ్యగారు తప్ప ఎవరూ వెళ్ళరు."

భార్గవ్ పడీపడీ నవ్వాడు. "ఏంటక్కా నువ్వు! లోకమే పోయింది. ఆ చర్చికి కప్పు లేదు, అయ్యగారు లేరు!"

రిబ్కా మొహం ఎర్రబడింది. ఆటలోని మనిషి బొమ్మని కమ్మీ దాకా నడిపించింది. వేలు మీట మీదే ఆగిపోయింది.

"వెళ్ళు అక్కా, టైమవుతోంది!"

"నా వల్ల కాదు. నువ్వు వెళ్ళు. ముందు ఆ బొమ్మ చేతిలో తుపాకీ కింద పెట్టించు."

నవ్వు ఆపుకుని, అతను ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని తుపాకీ కింద పెట్టించాడు. బొమ్మ కమ్మీ దాటి ఆల్టరు వెనక్కి తిరగ్గానే, గోడవారన ఎర్రగా వెలుగుతూ బుల్లి మరమనిషి.

గబగబా రికార్డు చేసి, గడువులోపే పంపారు. సాయంత్రానికి జవాబు వచ్చింది: చాలా బాగుందండి, కానీ నిన్ననే ఇంకొకరు అన్నీ పంపారు, వారిని తీసుకున్నాం.

తిరుగు బస్సులో రిబ్కా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. టిక్కెట్టు తీసుకోవడం మరిచిపోయినా కండక్టరు గదమాయించలేదు. "దిగేలోపు తీసుకోమ్మా" అని ముందుకు వెళ్ళిపోయాడు.

రేపల్లెలో దిగి నేరుగా చర్చికే వెళ్ళింది. తల్లి కృపమ్మ ఆదివారం ఆరాధన కోసం చర్చి ఊడుస్తోంది. అలవాటు ప్రకారం కమ్మీ ఇవతలే నిలబడి, చేయి చాచి చీపురు అందినంతవరకు లోపల ఊడుస్తోంది.

"అక్కడే ఉందమ్మా! ఇన్ని రోజులూ అక్కడే ఉంది. నేనే వెళ్ళలేదు!"

కృపమ్మకి విషయం పూర్తిగా అర్థం కాలేదు. కూతురి కళ్ళు చూసి చీపురు పక్కన పెట్టింది. "పొద్దుటినుంచి ఏమన్నా తిన్నావా?"

"పెసరట్టు పెట్టారు."

"ఆ తల్లి చల్లగుండాలి," అని ఆ పెట్టినావిడ కోసం పైకి చూసి దణ్ణం పెట్టుకుంది.

రిబ్కా కోపంగా చీపురు అందుకుంది. కమ్మీ మీదుగా బాగా ఒంగి, చేయి ఇంకాస్త లోపలికి చాచి ఊడ్చింది. కాలు మాత్రం ఇవతలే ఉంది.