గోరింకల కొమ్మ

తాడేపల్లిగూడెంలో మా ఇంటి ఎదురుగా ఉన్న నిద్రగన్నేరు మీదికి పొద్దువాలేసరికి గోరింకలు చేరతాయి. చేరి ఊరుకుంటాయా? చోటు కోసం ఒకటే కొట్లాట. చెవులు చిల్లులు పడేలా అరిచి, చీకటి పడగానే సద్దుమణుగుతాయి.

బడిలో సైన్సు చెప్పినదాన్ని, కారణాలు తెలుసు. గుంపులో ఉంటే డేగను ఏదో ఒకటి ముందే చూస్తుంది. నడిమి కొమ్మ మీద భయం తక్కువ, అందుకే ఆ తోపులాట. తిండి దొరికే చోటు తెలియనివి పొద్దున్నే తెలిసినవాటి వెంట పోవచ్చు. "ప్రేమా లేదు, దోమా లేదర్రా, ఎవరి అవసరం వాటిది" అనేదాన్ని పిల్లలతో.

మా ఆయన పోయాక పక్కింటావిడ నాకు తోడు పడుకోవడానికి వచ్చేది. మా వైపు ఇది మామూలే. మనిషి పోయిన ఇంట్లో ఆడదాన్ని ఒంటరిగా పడుకోనివ్వరు. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఒక్కతే కూతురు, పెళ్లయి ఆకివీడులో ఉంటోంది. సాయంత్రం నమాజు కాగానే చాప చంకన పెట్టుకుని వచ్చేసేది. ఇక జాకెట్ల కొలతల దగ్గర్నుంచి అల్లుడి అలకల దాకా నోరు ఊరుకోదు. నాకు ఒళ్లు మండేది.

కొన్ని నెలలకి ఉండబట్టలేక అనేశాను. "నాకు భయమేం లేదండీ. ఇంక మీరు శ్రమపడకండి."

"అలాగేనండీ టీచరుగారూ" అని చాప చుట్టుకుంది.

అబ్బ, ప్రాణానికి హాయి అనుకున్నాను. హాయిగానే ఉంది కూడా. ఆవిడ ఇంట్లో మాత్రం అన్ని గదుల్లోనూ లైట్లు వెలుగుతూనే ఉండేవి. కరెంటు దండగ అనుకున్నాను.

ఒకరోజు ఆవిడ కూతురు వచ్చి మా గుమ్మంలో నిలబడింది. "అమ్మ ఒక్కతే పడుకోలేదండీ. నా పెళ్లయిన కాడ్నుంచీ అంతేనండీ. మీ ఇంటికి వస్తోందని ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయించి మాతో తీసుకెళ్లిపోతానండీ."

అల్లుడి పంచన బతకాల్సి వస్తుందని ఆవిడ ఎంత భయపడేదో నాకు తెలుసు. మా ఇంట్లో కూర్చుని చెప్పిన కబుర్లలో సగం అవే.

ఆ సాయంత్రం గోరింకలు ఇంకా పోట్లాడుకుంటుండగానే చాప తీసుకుని ఆవిడ తలుపు కొట్టాను.

"ఒక్కదాన్నీ పడుకోలేకపోతున్నానండీ" అన్నాను. అబద్ధమనుకునే అన్నాను. అన్నాక పూర్తిగా అబద్ధం కాదనిపించింది.

ఆవిడ నావంకా, చాపవంకా చూసింది. "రండి. కానీ ఫ్యాను కింద చోటు నాదేనండీ, ముందే చెబుతున్నాను."