నాయనలకు పరీక్ష పెట్టే ధర్మవరం ఆడపిల్లల బడి

హిందూపురంలో నేను పాఠాలు చెప్పే బడికి ఒక జబ్బుంది. ఒకటో తరగతిలో ఆడపిల్లలకు బెంచీలు చాలవు. నాలుగో తరగతికి వచ్చేసరికి ఆ బెంచీలే ఖాళీగా ఉంటాయి. ఏం చేద్దామని మీటింగు పెడితే ఒకరు కొత్త పుస్తకాలన్నారు, ఇంకొకరు కంప్యూటరన్నారు. నాకు ఒళ్లు మండింది. పిల్లలే రాకపోతే కంప్యూటరు ఎవరికి, ఎలుకలకా? ట్రైనింగులో నాతో చదివిన సరళ ధర్మవరంలో ఒక ఆడపిల్లల ప్రాథమిక పాఠశాల నడుపుతోంది. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, తన బళ్లో మధ్యలో మానేసేవాళ్లు దాదాపు లేరని గొప్పలు పోయింది. కళ్లారా చూస్తేనే నమ్ముతానన్నాను. అయితే శనివారమే రమ్మంది, ఎందుకో మాత్రం చెప్పలేదు.

పొద్దున ఆరున్నరకు హిందూపురం బస్టాండులో పెనుకొండ బస్సెక్కాను. ధర్మవరానికి రైలు కూడా ఉంది, టికెట్టు చవకే. కానీ ప్యాసింజరును నమ్ముకుని బడి గంటకు చేరాలనుకోవడం నా వల్ల కాదు. యాభై నోటు ఇస్తే కండక్టరు మొహం చిట్లించాడు. "చిల్లర దుడ్లు లేవామ్మా? పొద్దున్నే అందరూ ఇట్లే ఇస్తే నేను యాడ తెచ్చేది?" అన్నాడు. "నేనేమన్నా నోట్లు అచ్చేస్తానా?" అని నేనూ ఊరుకోలేదు. పెనుకొండలో దిగి బస్టాండు పక్క బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. "ఇంగో బజ్జీ ఎయ్యనా అక్కా? ధర్మవరం దాకా పోవాలంటే కడుపులో ఏమన్నా ఉండాల" అంది బండామె. వెయ్యమన్నాను. అక్కడి నుంచి కొత్తచెరువు మీదుగా ధర్మవరం బస్సు దొరుకుతుంది. మొత్తం మూడు గంటల ప్రయాణం అనుకోండి, టిఫిను, టీలతో కలిపి యాభై రూపాయల్లో అయిపోతుంది.

ధర్మవరంలో ఆటో ఎక్కి బడి పేరు చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఎవురి పరీక్షకు పోతాండారు మేడం?"

"నాకేం పరీక్షప్పా?"

"ఆ బళ్లో పిల్లోళ్లకు కాదు, ఇంట్లోవాళ్లకు పెడ్తారు. మా ఇంటామె రెండుసార్లు తప్పింది. పాప కూచోబెట్టి మళ్లా చదివించింది."

వేళాకోళం అనుకున్నాను. కాదని సరళ వరండాలోనే చెప్పింది. ఒకటి, రెండు తరగతుల్లో పుస్తకం ముట్టుకోరు. అక్షరాలు వీధిలో కొట్ల బోర్డుల మీద వెతుక్కుంటారు. చీర అంచు బొమ్మల్లో త్రిభుజాలు, చతురస్రాలు గుర్తుపడతారు. కూడికలు, తీసివేతలు కండెలతో చేస్తారు. కండెలంటే నేతకు పట్టు దారం చుట్టే చిన్న గొట్టాలు, ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంటాయి. మూడో తరగతి నుంచి అందరూ చదివే పుస్తకాలే. అయితే ఏ తరగతైనా వారమంతా నేర్చుకున్న పాఠాన్ని పిల్ల ఇంట్లో ఒకరికి నేర్పాలి. వాళ్లొచ్చి పలక పట్టుకుని కూర్చునే రోజును అప్పజెప్పే శనివారం అంటారు. వాళ్లకు పాఠం వస్తేనే పిల్లకు వచ్చినట్టు, రాకపోతే పిల్ల మళ్లీ నేర్పాలి.

"ఇదెక్కడి చోద్యమే! పిల్ల చదువు తీసుకుపోయి వాళ్లవ్వ చేతిలో పెడతావా?" అన్నాను.

"చూసి మాట్లాడు" అంది సరళ.

మూడో తరగతి గదిలో భాగ్య అనే పిల్ల తరఫున వాళ్ల నాన్న ఆంజనేయులు వచ్చాడు. మగ్గం నేస్తాడు. వస్తూనే మాట తేల్చేశాడు. "ఈ పొద్దుతో సరి టీచరమ్మా. వాళ్లమ్మకు చెయ్యి నొప్పి, కండెలు సుట్టేకి మనిషి లేదు. సోమవారం నుంచి పాప మగ్గం కాడే ఉంటాది."

భాగ్య తల వంచుకుని పలక అంచు గోకుతోంది. నాకు రక్తం ఉడికిపోయింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరిచేలోపే సరళ నా చెయ్యి గిల్లింది. "సరే అన్నా, ఎట్లాగూ వచ్చినావు గదా, అప్పజెప్పి పో" అంది ఆయనతో.

లెక్క తేలికే. చీరకు నాలుగు రోజులు పడితే మూడు చీరలకు ఎన్ని? ఆయన వేళ్లు ముడుచుకుంటూ చాలాసేపు ఆలోచించి "పదహైదు" అన్నాడు.

"అదెట్లన్నా?"

"మధ్యలో అమావాస్య వస్తాది, ఆ పొద్దు మగ్గం ముట్టం. ఇంగ కొత్త దారం అతికించుకునేకి రెండు దినాలు. పన్నెండులో నేసేవాడు ఎవుడో నాకు సూపించు!"

క్లాసంతా గొల్లుమంది. భాగ్య చివాలున లేచింది. "నాయనా! ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా, లెక్కలో అమావాస్య రాదని!"

నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆంజనేయులు కూడా నవ్వబోయాడు. అంతలో పిల్ల కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"టీచర్, మా నాయనది తప్పు కాదు. నేనే సరిగ్గా చెప్పలేదు. ఇంగో శనివారం ఇయ్యండి."

ఆయన కూతురి వైపే చూస్తూ పలక కింద పెట్టాడు. "నాకు రాకపోతే నువ్వెందుకు ఒప్పుకుంటావే తప్పు?" అని, సరళ వైపు తిరిగాడు. "వచ్చే శనివారం వస్తా టీచరమ్మా. అంతదాకా పాప బడికే వస్తాది. కండెలు నేనే సుట్టుకుంటా."

నా నోరు ఊరుకోదు కదా. "పాసైనాక ఏమన్నా, మళ్లా మగ్గమేనా?" అని అడిగేశాను. సరళ గుడ్లురిమింది.

ఆయన కింద పెట్టిన పలకను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "పాసైతే ఇంగో పాఠం ఉంటాది గదా మేడం. అది నాకెవురు చెప్తారు?"

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చేశాను, సంతోషంతోనే. నేను దులిపి ఉంటే ఆంజనేయులు తలూపి, కూతుర్ని తీసుకుని వెళ్లిపోయేవాడు. ఆ పిల్లే తనకు పంతులమ్మ అయ్యాక మాన్పించడానికి అతనికి మనసు రాలేదు. సోమవారం మా మీటింగులో, ఎవరేమనుకున్నా సరే, ఇదే చెప్తాను. పుస్తకాలు అవే ఉండనీయండి, ముందు ఇంట్లోవాళ్ల చేతికి పలక ఇవ్వండి అంటాను. మీరూ వెళ్లదలిస్తే శనివారం తొమ్మిదిన్నరకల్లా ధర్మవరంలో దిగండి, బళ్లో మాత్రం వెనక వరసలోనే కూర్చోండి. ముందు కూర్చున్నందుకు నా చేతిలోనూ పలక పెట్టి, చీర అంచులో త్రిభుజాలు లెక్కపెట్టమన్నారు. ఒకటి తక్కువ చెప్పాను. భాగ్య దిద్ది, "తప్పుండాది మేడం. వచ్చే శనివారం మళ్లా రా, మా నాయన కూడా వస్తాడు" అంది.