కోయకుండా దాచిన బెల్టు

నేను ఏ వస్తువునూ పారేయలేను. విరిగిన గొడుగు, చెవి ఊడిన కప్పు, తిరగడం మానేసిన టేబుల్ ఫ్యాను, అన్నీ మా గోపాలపట్నం ఇంటి అటక మీదే ఉంటాయి. మా ఆవిడ దాన్ని జబ్బు అంటుంది. నేను జాగ్రత్త అని వాదించేవాణ్ణి. నా జాగ్రత్త వల్ల ఒక మనిషి కుంటివాడయ్యాడు. అప్పట్నుంచీ వాదించడం మానేశాను.

తొంభైల్లో ఆదివారం వచ్చిందంటే నేను ఇంట్లో ఉండేవాణ్ణి కాదు. తెల్లారేసరికి స్కూటరెక్కి, రుషికొండ దాటి, ఇసుక గట్టిగా ఉండే చోటికి వెళ్లిపోయేవాణ్ణి. అక్కడ మేం ఏడెనిమిదిమందిమి పేరాచూట్ ఎగిరేవాళ్లం. విమానంలోంచి దూకడం అనుకునేరు, అంత వైభోగం మాకెక్కడిది! పేరాచూట్‌కి పొడవాటి తాడు కట్టి, రెండో కొస జీపుకి కట్టి, గాలికి ఎదురుగా జీపు తోలితే మనిషి నాలుగడుగులు పరిగెత్తి పైకి లేస్తాడు. నాలుగైదు కొబ్బరిచెట్ల ఎత్తుకి వెళ్లాక జీపు ఆగుతుంది, పేరాచూట్ మెల్లగా దిగుతుంది. మొత్తం మూడు నిమిషాల సంబరం. ఆ మూడు నిమిషాల కోసం వారం పొడుగునా షిఫ్టులు మార్చుకుని, పెళ్లిళ్లు ఎగ్గొట్టి, ఇంట్లో తిట్లు తిని వచ్చేవాళ్లం.

మాలో ఎక్కువమంది స్టీల్‌ప్లాంట్ వాళ్లమే. జీపు మాత్రం సీతమ్మధారలో మందుల షాపున్న ఒకాయనది. మా అందరినీ కూడగట్టినాయన్ని గురువుగారు అనేవాళ్లం. ఎయిర్‌ఫోర్స్‌లో పేరాచూట్లు మడతపెట్టే సెక్షన్‌లో ఇరవై ఏళ్లు చేసి రిటైరై వచ్చారు. ఇంకొకడు ఆ ఒడ్డునే ఉన్న ఊరివాడు, చేపల వేటకెళ్లే కుటుంబం. మొదటిరోజు మేం పేరాచూట్ విప్పలేక నానా తంటాలు పడుతుంటే కాసేపు నిలబడి చూసి నవ్వి, వచ్చి అంచు పట్టుకున్నాడు. ఆ తరవాత ఏ ఆదివారమూ మానలేదు. ఎగరడానికి ముందు పేరాచూట్‌లోకి గాలి నిండాలంటే ఇద్దరు దాని అంచు పైకెత్తి పట్టుకోవాలి. ఆ పని అతని కంటే బాగా చేసినవాణ్ణి నేను చూడలేదు. అతనికీ నాకూ చుట్టరికం ఏమీ లేకపోయినా నెలరోజుల్లోనే ఇద్దరం బావ అంటే బావ అనుకోవడం మొదలుపెట్టాం. ఎగిరిన తరవాత మనిషిని పేరాచూట్‌కి కట్టే, ఉప్పునీళ్లకి తడిసిన బెల్టులన్నీ మంచినీళ్లతో కడిగి అతని ఇంటి అరుగు మీదే ఆరబెట్టేవాళ్లం. ఆరేలోగా వాళ్లావిడ చేపల పులుసు పెట్టేది. ఆ పులుసు కోసం వచ్చేవాళ్లు కూడా మాలో ఇద్దరు ముగ్గురున్నారని నా అనుమానం.

గురువుగారికి భయం లేదు గానీ చాదస్తం ఉండేది. ఎగిరే ప్రతి మనిషి ముందూ నిలబడి, ఒంటి మీది బెల్టులో ఏడు చోట్ల వేలు దూర్చి లాగేవారు. ఛాతీ దగ్గర, భుజాల దగ్గర, తొడల దగ్గర. లాగినప్పుడల్లా మనం ‘ఉంది’ అనాలి. ఏడు ‘ఉంది’లు పూర్తయితేనే జీపుకి పచ్చజెండా. ఒకసారి మందుల షాపాయన ఆరో దగ్గర తుమ్మాడు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టించారు.

“కంటితో సూసీసి బాగుంది అనీకండిరా. సేత్తో సూడండి,” అనేవారు.

ఆయన ఇంకో పట్టుదల, పనికిరాదని తేలిన బెల్టుని అక్కడికక్కడే అందరి ముందూ కోసేయడం. ఉంచితే ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు వేసుకుంటాడనేవారు. ఆ మాట నాకు కొత్త కాదు. ప్లాంట్‌లో నా ఉద్యోగమే అది. బరువులెత్తే వైరు తాళ్లని స్లింగులంటాం. తీగలు తెగిన స్లింగుని గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేయించి గానీ నేను కదిలేవాణ్ణి కాదు. ఎవరైనా ‘సార్, ఇంకో నెల లాగుద్ది’ అంటే వాడి ఏడు తరాలూ ఎత్తి తిట్టేవాణ్ణి. అది చూసే గురువుగారు సామాన్ల బాధ్యత నాకు అప్పగించారు.

మాకు ఒకే లాటులో వచ్చిన నాలుగు బెల్టులుండేవి, నాలుగూ ఒకే ఆకుపచ్చ. ఒక వానాకాలం పోయాక గురువుగారు అందులో ఒకదాని కాలి పట్టీని వెనక్కి వంచారు. మడతలోంచి దారం పొడిలా రాలింది. “ఉప్పు తినీసింది. కోసీ,” అని చాకు నా చేతికిచ్చారు.

అది నేను మొట్టమొదటిసారి ఎగిరిన బెల్టు. దానిలో వేలాడుతూనే నేను కైలాసగిరినీ, రేవు బయట లంగరేసిన ఓడలనూ, మా జీపునీ ఒకే చూపులో చూశాను. చాకు పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి రాలేదు.

“మొండి సాకండీ ఇది. ఇంటికెళ్లి కోసీసి పారీత్తాను,” అన్నాను.

వేరేవాళ్లయితే ఒప్పుకునేవారు కాదు. నన్ను చూసి సరేనన్నారు. తరవాతి ఆదివారం “కోసీసావా?” అని అడిగారు. కోసీసానండి అన్నాను. అప్పటికి అది అటక మీద టేబుల్ ఫ్యాను పక్కన ఉంది.

ఆ తరవాత చేసింది ఇంకా పాడుపని. కొన్నాళ్లకి దాన్ని దించి, మార్కెట్‌లో చెప్పులూ బ్యాగులూ కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్లి కాలి పట్టీ కొత్తగా కుట్టించాను. ఏం బెల్టని అడిగితే బ్యాగుదని చెప్పాను. బ్యాగుకి ఎంత కావాలో అంత శ్రద్ధగా కుట్టాడు పాపం. లావుపాటి దారం, చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండు చేతులతో లాగి చూశాను, ఏమీ కాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి, ఎందుకైనా ఉంటుందని స్కూటరు డిక్కీలో పెట్టుకు తిరిగాను.

మా బావ అందరినీ ఎగరేసేవాడు గానీ తను ఎగిరింది తక్కువ. తన వంతు ఎప్పుడూ ఆఖరికి పెట్టుకునేవాడు. ఆఖరికి వచ్చేసరికి గాలి తిరిగిపోయేది, గురువుగారు ఎర్రజెండా పాతేసేవారు. “ఫర్లేదులే, వచ్చేవారం సూద్దాం,” అనేవాడు. ఆ ఆదివారం మాత్రం వాళ్లావిడనీ, వాళ్లమ్మనీ వెంటబెట్టుకు వచ్చాడు. పై నుంచి ఇల్లెలా కనపడుతుందో చూసి చెబుతానని ఇంట్లో అందరికీ చెప్పి వచ్చాడట. ఆ రోజే మూడో బెల్టు బకిలులో ఇసుక చేరి బిగుసుకుపోయింది. మిగిలిన రెండింటితో ఒకరు దిగి, విప్పి, మరొకరు తొడుక్కునేసరికి పొద్దెక్కిపోతోంది. గాలి మెల్లగా పక్కకి తిరగడం నాకే తెలుస్తోంది. ఈసారి కూడా అతని వంతు పోతుందని నాకు ఉక్రోషం వచ్చింది.

స్కూటరు దగ్గరికెళ్లి డిక్కీలోంచి ఆ బెల్టు తీశాను. బిగుసుకుపోయినదాన్ని దాని స్థానంలో పెట్టి మూత వేశాను. “మూడోది బాగయిందండీ!” అని దూరం నుంచే గురువుగారికి కేకేశాను. నా చేతులతో నేనే మా బావకి తొడిగాను. అతను ఒకసారి నా మొహంలోకి చూశాడు, ఏమీ అనలేదు. గురువుగారు వచ్చి ఏడు చోట్లా లాగారు. ఏడుసార్లూ ‘ఉంది’ అన్నాడు, బడిపిల్లాడిలా గట్టిగా. వాళ్లమ్మ నవ్వింది.

లేచినప్పుడు బాగానే లేచాడు. రెండు కొబ్బరిచెట్ల ఎత్తులో ఎడమ కాలి పట్టీ విడిపోయింది. ఒక్కసారిగా పక్కకి ఒరిగిపోయి, రెండు చేతులతో పై తాళ్లు పట్టుకుని వేలాడాడు. గురువుగారు ఎర్రజెండా ఊపుతూ అరుస్తూ పరిగెత్తారు, జీపు ఆగింది, పేరాచూట్ దిగింది. దిగేటప్పుడు రెండు కాళ్లూ కలిపి మోకాళ్లు వంచి వాలాలి. అతను వంకరగా వేలాడుతున్నాడు, తుంటి మీద పడ్డాడు. ఆ పడిన చప్పుడు నేను ఉన్న చోటికి వినిపించింది.

తుంటి ఎముక విరిగింది. రాడ్డు వేశారు. ఎడమకాలు కొంచెం పొట్టిదయింది. కర్ర సాయంతో నడుస్తాడు, కానీ తెప్పని కెరటాల మీదికి తోయాలంటే నడుం కావాలి, కాళ్లు కావాలి. వేట పోయింది. ఇంటిదగ్గర కూర్చుని వలలు బాగుచేయడం మొదలుపెట్టాడు.

అతన్ని ఆసుపత్రిలో చేర్చి నేను ఇంటికొచ్చిన సాయంత్రమే ఆ బెల్టుని ముక్కలు ముక్కలుగా కోసేశాను. చాలా తేలిగ్గా తెగింది. మర్నాడు గురువుగారు వచ్చారు.

“ఆ బెల్టు ఒకపాలి సూడాలిరా. నా సెయ్యి ఎక్కడ తప్పిందో తెలవాలి.”

“కోసీసానండి. పనికిరానిది కోసీమంటారు కదా మీరు.”

ఆయన నా భుజం మీద చెయ్యేసి, “మంచి పని సేసావు. మరొకడు ఏసుకోకుండా,” అన్నారు. ఆయన నన్ను కొట్టినా ఇంత గుర్తుండేది కాదు.

మా ఆదివారాలు అంతటితో ముగిసిపోయాయి. పేరాచూట్ ఎవరికిచ్చేశారో కూడా నాకు తెలీదు. గురువుగారు మాత్రం ఆదివారాలు మానలేదు. బస్సెక్కి మా బావ ఇంటికి వెళ్లేవారు. అరుగు మీద కూర్చుని వలదారం చుట్టిచ్చేవారు. ఒకసారి మార్కెట్‌లో నాకు ఎదురై, దారి మధ్యలో నిలబడి తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంటూ అన్నారు, “ఏడు సోట్లా లాగానురా. అయిదోది, ఆ ఎడం కాలిది, గట్టిగా లాగానా లేదా అన్నదే గేపకం రావట్లేదు. ఇరవయ్యేళ్లు సేసిన సెయ్యి, ఇలగయిపోయిందేటి?”

“మీ తప్పేటీ లేదండీ,” అన్నాను. ఆ మాట వెనకాలే రెండో మాట రావాలి. రాలేదు. మొదట్లో పోలీసు కేసవుతుందని భయపడ్డాను. తరవాత ప్లాంట్‌లో తెలిస్తే నా మొహం మీద ఉమ్ముతారనుకున్నాను, బెల్టు సంగతి చూడలేనివాడు స్లింగులు చూస్తాడా అని. ఆ భయాలన్నీ పోయాక కూడా చెప్పలేదు. అప్పటికి చెప్పకపోవడమే అలవాటైపోయింది. ఆయన ముసలివారయ్యారు, చెయ్యి వణకడం మొదలైంది, ఆ వణుకు కూడా ఆ రోజే మొదలైందని ఆయన నమ్మేవారు. గుండెనొప్పితో పోయేదాకా అలాగే నమ్మారు.

ఆయన పోయిన వారానికి నేను ఒడ్డుకి వెళ్లాను. అప్పటికి రుషికొండ మీద అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి, మేం ఎగిరిన ఇసుక మీద బజ్జీల బళ్లున్నాయి. మా బావ అరుగు మీద కాలు చాపుకుని వల కుడుతున్నాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. అటక, చెప్పులు కుట్టే అతను, డిక్కీ, ఏదీ దాచలేదు. అతను సూది ఆపకుండానే విన్నాడు.

“తెల్సు,” అన్నాడు.

“ఏటి తెల్సు?”

“నువ్వు తొడిగినప్పుడే తెల్సు బావా. అన్నేళ్లు నా అరుగు మీద ఆరబెట్టినోణ్ణి, ఏది ఏ బెల్టో నా సేతికి తెల్దేటి? కాలికాడ కొత్త కుట్టు కూడా సూసాను. నువ్విచ్చావు కదా, బాగు సేయించే తెచ్చుంటావని ఊరుకున్నాను.”

నేను అడిగాను, “మరి గురువుగారికి సెప్పలేదేటి? అన్నేళ్లు ఇక్కడే కూకుని ఏడిసేరు కదా ఆయన.”

అప్పుడు సూది ఆపాడు. “నాను సెప్తే నీ మీద సాడీ అవుద్ది. నువ్వే సెప్తే తప్పు ఒప్పుకున్నట్టుంటాది. ఇయాల సెప్తాడు, రేపు సెప్తాడని సూసాను. ఆయన ఒచ్చిన ఆదివారమల్లా నీకు బూత్ నుంచి ఫోను సేయించేవోణ్ణి, సేపలున్నాయి రమ్మని. గుర్తుందా?”

గుర్తుంది. ప్రతిసారీ డ్యూటీ ఉందని చెప్పి పెట్టేసేవాణ్ణి.